బిందె మోసే నడుముకు కొత్త బరువు: ఆడవాళ్లు ఎముక గట్టి చేసుకునే పద్ధతి

"రోజంతా పనే కదా, మళ్లీ వ్యాయామం ఎందుకు?" పర్లాకిమిడి, గుణుపురం, ఇచ్ఛాపురం వైపు నడివయసు ఆడవాళ్లతో ఎముకల మాట ఎత్తితే ముందు వచ్చే ప్రశ్న ఇదే. అందులో న్యాయం ఉంది. బిందెలతో నీళ్లు, వంగి ఊడ్పులు, రెండు పూటలా వంట. ఒంటికి అలుపు తక్కువేం కాదు. కానీ అలుపు వేరు, ఎముకకు అందే కబురు వేరు. ఇరవై ఏళ్లుగా మోస్తున్న బిందెకు సరిపడా ఎముక ఎప్పుడో గట్టిపడి ఊరుకుంది. అదే బిందె ఇంకో పదేళ్లు మోసినా కొత్తగా కట్టేదేమీ ఉండదు. ఇంట్లోకి కుళాయి వచ్చి ఆ బిందె కూడా దిగిపోతే, ఉన్న గట్టిదనమూ మెల్లగా తరుగుతుంది. పలాసలో రోజంతా కూర్చుని జీడిపిక్కలు ఒలిచే ఆవిడకు సాయంత్రానికి నడుము పట్టేస్తుంది గానీ, తుంటి ఎముక మీద ఆ రోజు బరువన్నదే పడదు.

ఎముక దేన్ని లెక్కలోకి తీసుకుంటుంది

ఎముక లోపల ఆస్టియోసైట్లు అనే కణాలు ఉంటాయి. సన్నటి కాలువలు వాటిని ఒకదానితో ఒకటి కలుపుతాయి. బరువు పడ్డప్పుడు ఎముక కంటికి కనపడనంత వంగుతుంది, ఆ కాలువల్లో ద్రవం కదులుతుంది. అది తెలిసిన కణాలు స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్ తయారీ తగ్గిస్తాయి. ఎముక కట్టే కణాలకు అడ్డుగా ఉండేది ఆ ప్రొటీనే.

ద్రవం కదలాలంటే బరువు పడాలి, లేవాలి, మళ్లీ పడాలి. నెత్తి మీద కదలకుండా ఉన్న తట్ట ఎంత బరువైనా దానికి పెద్దగా పట్టదు. వేగంగా పడ్డ బరువుకు ఎక్కువ పలుకుతుంది. అలవాటు లేని దిక్కు నుంచి వస్తే ఇంకా ఎక్కువ. ఎన్నిసార్లు పడింది అన్నది మాత్రం అంత ముఖ్యం కాదు. 1984లో రూబిన్, లాన్యన్ అనే శాస్త్రవేత్తలు పక్షి రెక్క ఎముక మీద చేసిన ప్రయోగంలో రోజుకు 36 సార్లు బరువు మోపితే ఎంత ఫలితం వచ్చిందో, 1,800 సార్లు మోపినా అంతే వచ్చింది. వరసగా మోపుతూ పోతే కణాలు వినడం మానేస్తాయి. మళ్లీ పూర్తిగా వినేందుకు ఎనిమిది గంటల దాకా విరామం కావాలి. గంటసేపు ఒకే తీరున నడవడం గుండెకు, చక్కెర జబ్బుకు మంచిది. ఎముక పెంచడానికి మాత్రం బలహీనమైన మందు.

ఇంకొకటి: బరువు ఏ ఎముక మీద పడితే ఆ ఎముకే గట్టిపడుతుంది. టెన్నిస్ ఆడేవాళ్లకు రాకెట్ పట్టిన చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే లావుగా ఉంటుంది. ఈతగాళ్లకు కండలు బాగా ఉన్నా, నీళ్లు ఒంటి బరువు మోసేస్తాయి గనుక ఎముకలో ఆ పెరుగుదల కనపడదు. అందుకే తుంటికి, వెన్నుకు, మణికట్టుకు విడివిడిగా పని చెప్పాలి. ఆడవాళ్లలో ఎక్కువగా విరిగేవి ఈ మూడే.

ముట్టు ఆగాక ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను పడిపోతుంది. తొలి అయిదారేళ్లలో ఎముక తరుగుదల జోరుగా ఉంటుంది, బరువుకు పలికే గుణమూ మందగిస్తుంది. మన దేశంలో ముట్టు ఆగే వయసు సగటున 46, 47. పడమటి దేశాల కంటే నాలుగైదేళ్లు ముందు. దీనికి తోడు గర్భసంచి ఆపరేషన్లు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది. దేశంలో అదే ఎక్కువ. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా అన్నది డిశ్చార్జి కాగితంలో చూసుకోండి. తీసేసి ఉంటే, మీకు 38 ఏళ్లే అయినా ఎముక లెక్కలో ముట్టు ఆగినవాళ్ల కిందే వస్తారు.

మొదలుపెట్టే ముందు

మామూలుగా నిలబడ్డ ఎత్తు నుంచి పడి మణికట్టో, తుంటో, వెన్నుపూసో విరిగినవాళ్లు గెంతులు, పెద్ద బరువులు సొంతంగా మొదలుపెట్టకూడదు. వయసులో ఉన్న ఎత్తు కంటే 4 సెం.మీ. తగ్గినవాళ్లు ముందు వెన్నుకు ఎక్స్‌రే తీయించుకోవాలి. వెన్నుపూస నొప్పి లేకుండా కూడా కుంగుతుంది, చాలామంది దాన్ని వయసు గూని అనుకుని వదిలేస్తారు. ఆయాసానికో కీళ్లవాతానికో మూడు నెలలకు మించి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లకూ ఇదే మాట.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస వైపు వాళ్లు కిడ్నీ పరీక్ష చేయించుకోకుండా కాల్షియం, విటమిన్ డి మాత్రలు కొనుక్కుని వేసుకోవద్దు. ఈ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. కిడ్నీ చెడినప్పుడు ఎముక తరిగే దారి వేరు, మందు వేరు. ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, తరవాతే మాత్ర.

మందుల షాపుల దగ్గర ఉచిత శిబిరం పెట్టి మడమ మీద పెట్టే చిన్న యంత్రంతో "ఎముక బలం" చెబుతుంటారు. దాని మీద ఆధారపడి భయపడొద్దు, ధీమా పడొద్దు. అసలు లెక్క తుంటికి, నడుముకు తీసే డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే. అందులో టి-స్కోరు, అంటే మీ ఎముకను ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడింది, మైనస్ 2.5 గానీ అంతకంటే కింద గానీ ఉంటే బోలు ఎముకల జబ్బు. ఈ రెండో రకం వాళ్లకు మందు తప్పదు. కింద చెప్పే పని మందుతో పాటు చేసేదే, మందు బదులు చేసేది కాదు.

మొదటి నాలుగు వారాలు: ఒంటికి తీరు నేర్పడం

బరువులు లేకుండా రోజు విడిచి రోజు, పావుగంట.

వెన్ను నిటారుగా ఉంచి తుంటి దగ్గర మడవడం ముందు నేర్చుకోండి. మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. నాలుగడుగుల కర్ర ఒకటి వీపు మీద నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల మధ్య, పిరుదుల పైన, మూడు చోట్ల తాకాలి. మోకాళ్లు కాస్త వంచి పిరుదులు వెనక్కి తోస్తూ ముందుకు వంగండి. మూడు చోట్లలో ఎక్కడైనా కర్ర విడిపోయిందంటే వెన్ను గుండ్రమైనట్టే, అక్కడే ఆగాలి. ఊడ్పుల్లో వంగే తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం, అందుకే చాలామందికి వారం పడుతుంది. పది సార్ల చొప్పున మూడు విడతలు.

తరవాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పది చొప్పున మూడు విడతలు. గోడకు రెండడుగుల దూరంలో నిలబడి అరచేతులు ఆనించి ఒళ్లు వాల్చి తోసుకోవడం, పది చొప్పున రెండు. మణికట్టుకు బరువు తగిలేది ఇక్కడే.

వీపు కండరాలకు: పొట్ట కింద దిండు పెట్టుకుని బోర్లా పడుకోండి. చేతులు పక్కన ఉంచి, గడ్డం లోపలికి లాగి, రొమ్ము నాలుగు వేళ్ల ఎత్తు లేపి అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. పది సార్లు. దీన్ని చిన్నదని వదిలేయొద్దు. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎముకలు బోలుపడిన ఆడవాళ్లను పరిశీలిస్తే, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా కుంగాయి, వెనక్కి వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 శాతం మందికి. పొట్ట తగ్గుతుందని వెల్లకిలా పడుకుని లేచి కూర్చోవడాలు, కాలి బొటనవేళ్లు పట్టుకునే ఆసనాలు ఎముక పలచబడినవాళ్లు మానేయాలి. యోగా నేర్పే చోట ఈ సంగతి నోరు తెరిచి చెప్పండి, వాళ్లు అడగరు.

గెంతులు

రెండో వారం నుంచి మడమ దింపుళ్లు. గుమ్మం పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మడమలను ఒక్కసారిగా గచ్చు మీదకి వదిలేయండి. తుంటి దాకా "ధబ్" అని తెలియాలి. పది సార్లు పొద్దున, పది సార్లు సాయంత్రం.

నాలుగు వారాలు నొప్పి లేకుండా గడిచాక రెండు కాళ్ల గెంతు. పాదాలు నేలకు 8 సెం.మీ. దాకా లేస్తే చాలు. దిగేటప్పుడు మునివేళ్లు ముందు, మడమ తరవాత. మోకాళ్లు కొద్దిగా వంగాలి గానీ గొంతుకూర్చున్నంత వంగకూడదు. మరీ మెత్తగా దిగితే దెబ్బంతా కండరాలే మింగేస్తాయి, ఎముకకు మిగలదు. మోకాళ్లు బిర్రుగా పెట్టి దిగితే కీలు దెబ్బతింటుంది. నడకలో పాదం కింద పడే బరువు దాదాపు మీ ఒంటి బరువంత, గెంతి దిగినప్పుడు 3 నుంచి 5 రెట్లు.

గెంతుకీ గెంతుకీ మధ్య 10–15 సెకన్లు ఆగండి. ఒక దీర్ఘశ్వాస తీసి వదిలినంత. తాడాటలా టకటకా గెంతితే ఒళ్లు అలుస్తుంది, ఎముకకు అందేది తక్కువ. పొద్దున 10, సాయంత్రం 10, మధ్యలో ఎనిమిది గంటలకు తగ్గకుండా ఎడం. నెల తరవాత కొన్ని ముందుకు, కొన్ని పక్కకు, కొన్ని సగం తిరిగి గెంతండి. దిక్కు మారితే తుంటి దగ్గర తొడ ఎముక మెడలో కొత్త చోట బరువు పడుతుంది. ముట్టు ఇంకా ఆగనివాళ్లు మూడో నెల నుంచి ఒంటికాలి గెంతులకు వెళ్లొచ్చు.

ముట్టు ఆగినవాళ్లు గెంతుల మీదే ఆశ పెట్టుకోవద్దు. రోజుకు 50 గెంతుల చొప్పున వారానికి ఆరు రోజులు చేయించిన ఒక ప్రయోగంలో ముట్టు ఉన్నవాళ్ల తొడ ఎముక సాంద్రత అయిదు నెలల్లో 2.8 శాతం పెరిగింది, ముట్టు ఆగినవాళ్లలో ఏడాది గడిచినా పెరగలేదు. వాళ్లకు గెంతులతో పాటు కింద చెప్పే బరువులు కావాలి.

ఆడవాళ్లు పైకి చెప్పుకోని సమస్య ఒకటుంది: గెంతితే మూత్రం జారడం. రెండు మూడు కాన్పులైన చాలామందికి ఇది మామూలే, దీనివల్లే సగంలో మానేస్తారు. ముందు ఆరు నుంచి పన్నెండు వారాలు కటి కండరాల సాధన చేయండి. మూత్రం ఆపుకున్నట్టు లోపలికి బిగించి అయిదు సెకన్లు పట్టి వదలాలి. పదేసి చొప్పున రోజుకు మూడు సార్లు. అన్నాళ్లూ మడమ దింపుళ్లతో, బరువులతో సరిపెట్టుకోండి. ఏదో కిందికి జారుతున్నట్టు, బరువుగా ఉంటే గర్భసంచి జారిందేమో డాక్టరమ్మకు చూపించుకునే దాకా గెంతొద్దు, పెద్ద బరువులూ ఎత్తొద్దు.

చీర కుచ్చిళ్లు కాలికింద పడితే గెంతు కాస్తా పడిపోవడం అవుతుంది. పైకి దోపుకోండి, లేకపోతే పంజాబీ డ్రెస్ వేసుకోండి. అలికిన నేల తడిగా ఉన్నప్పుడు, నున్నటి టైల్స్ మీద మేజోళ్లతో అసలు వద్దు.

బరువులు

జిమ్ము లేని ఊళ్లలో పెయింటు బకెట్లు రెండు, ఎండు ఇసుక చాలు. 10 లీటర్ల బకెట్ నిండా ఎండు ఇసుక పోస్తే దాదాపు 16 కిలోలు తూగుతుంది. కిరాణా కొట్టు కాటాలో ఒకసారి తూచి, బకెట్ లోపల 5, 8, 10, 12 కిలోల దగ్గర గీతలు పెట్టుకోండి. వానాకాలం ఇసుక చెమ్మ తాగితే గీత అదే, బరువు వేరు, మూత పెట్టండి. ప్లాస్టిక్ చెయ్యి ఊడిపోవడం మామూలు, బకెట్‌ను గట్టి గోనెసంచిలో దించి సంచి చెవులు పట్టుకుని ఎత్తితే పాదం మీద పడే ప్రమాదం తప్పుతుంది. ఇనుప తీగ పిడికి పాతగుడ్డ చుట్టండి.

బకెట్లను జానెడు ఎత్తు పీటల మీద పెట్టి మధ్యలో నిలబడండి. నేల మీంచి ఎత్తితే కొత్తవాళ్ల వెన్ను గుండ్రమవుతుంది. కర్రతో నేర్చుకున్నట్టే తుంటి దగ్గర మడిచి, గాలి పీల్చి, మడమలతో నేలను తొక్కుతూ నిలబడండి. పైకి వచ్చాక గాలి వదలండి. ఊపిరి బిగబట్టి ముక్కుతూ ఎత్తడం బీపీ ఉన్నవాళ్లకు ప్రమాదం. అయిదు సార్లు ఎత్తి, రెండు మూడు నిమిషాలు కూర్చుని, మళ్లీ అయిదు. ఇలా అయిదు విడతలు. వారానికి రెండు రోజులు, మధ్యలో రెండు మూడు రోజులు ఖాళీ.

ఎంత బరువు? చెరో 5 కిలోలతో మొదలుపెట్టి రెండు వారాలకోసారి చెరో కిలో, రెండు కిలోలు పెంచండి. మూడో నెలకు ఆరేడు సార్లకు మించి ఎత్తలేనంత బరువు దగ్గరకు చేరాలి. పదిహేను సార్లు తేలిగ్గా ఎత్తగలుగుతున్నారంటే అది మళ్లీ పాత బిందె కిందే లెక్క. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రెండు కిలోల బాటిళ్లతో ఆరు నెలలు చేసి "మాకేం తేడా రాలేదు" అంటారు.

ఆస్ట్రేలియాలో 58 ఏళ్లు దాటి ఎముక పలచబడిన 101 మంది ఆడవాళ్లతో చేసిన ప్రయోగంలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఇలాంటి పెద్ద బరువులు, పై నుంచి దూకి దిగడం ఎనిమిది నెలలు చేయించారు. నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. కానీ అక్కడ ప్రతి ఎత్తునీ పక్కన నిపుణులు నిలబడి చూశారు, మొదటి నెల తీరు నేర్పడానికే పోయింది. బరంపురంలోనో రాయగడలోనో ఫిజియోథెరపిస్ట్ దగ్గర రెండు మూడు సార్లు తీరు సరిచూపించుకుని రావడం ఆ ఖర్చుకు తగ్గ పనే. టి-స్కోరు మైనస్ 2.5 కంటే తక్కువున్నవాళ్లకు అది తప్పనిసరి.

ఎత్తుడు కుదురుకున్నాక రెండు చేర్చండి. చిన్న బస్తా రొమ్ముకు హత్తుకుని కుర్చీ తాకేదాకా కూర్చుని లేవడం. భుజాల దగ్గర నుంచి రెండు చేతులతో బరువును నెత్తి పైకి నిలువుగా తోయడం. రెండోదానికి నాలుగైదు కిలోల నుంచి మొదలుపెట్టండి. బరువు చేతిలో ఉండగా నడుము తిప్పడం ఏ దశలోనూ వద్దు. బస్తా పక్కకి పెట్టాలంటే పాదాలు తిప్పండి.

మరుసటి రోజు కండరాలు లాగితే భయం లేదు. వెన్ను మధ్య ఒక్క చోట పొడిచినట్టు నొప్పి, తుమ్మితే పెరగడం, గజ్జల్లో నడిస్తే వచ్చే నొప్పి: ఈ మూడింటిలో ఏది కనపడ్డా ఆపి ఎక్స్‌రే తీయించుకోండి.

తిండి, ఎండ

కట్టమని కబురు అందినా సామాను లేకపోతే గోడ లేవదు. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1,000 మి.గ్రా. కాల్షియం, ముట్టు ఆగినవాళ్లకు 1,200. చద్దన్నం, పఖాళ తింటే కడుపు చల్లబడుతుంది గానీ అందులో కాల్షియం నామమాత్రం. ఒడియావాళ్లు మాండియా అనే చోళ్లు (రాగులు) 100 గ్రాముల్లో 350 మి.గ్రా. దాకా ఉంటుంది, గ్లాసు పాలలో 240. మునగాకు, తోటకూర, నువ్వులు మంచివి. ముల్లుతో సహా నమిలే మెత్తళ్లు ఇంకా మంచివి. ఎండువైతే నానబెట్టి రెండు నీళ్లు పారబోయండి, ఉప్పు ఎక్కువైతే కాల్షియం మూత్రంలో పోతుంది. ప్రొటీన్ ఒంటి బరువులో కిలోకి గ్రాము చొప్పున. చేతులు, మొహం మీద ఎండ పొద్దున పదికీ మధ్యాహ్నం మూడుకీ మధ్య పడాలి. చైత్ర వైశాఖాల్లో మాత్రం పది దాటగానే నీడకు వచ్చేయండి, ఆ వేడిలో వడదెబ్బే ముందు తగులుతుంది.

ఇంట్లో ఆడపిల్ల ఉంటే

ఎముకకు అసలు పంట కాలం పెద్దమనిషి కావడానికి ముందు రెండేళ్లు, తరవాత రెండేళ్లు. 1995లో ఫిన్లండ్‌లో టెన్నిస్, స్క్వాష్ ఆడే ఆడవాళ్ల చేతులు కొలిస్తే, రజస్వల కాకముందు గానీ అయ్యే వేళకు గానీ ఆట మొదలుపెట్టినవాళ్లకు చేతి ఎముకలో వచ్చిన లాభం ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ల కంటే దాదాపు రెండింతలు ఉంది. సరిగ్గా ఆ వయసులోనే మనం ఆట మానిపించి ఇంట్లో కూర్చోబెడతాం. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి గెంతు ఉంది, దిక్కు మారడం ఉంది, వంతు వచ్చే దాకా విరామం ఉంది. ఎముక కోసం కొత్తగా ఆట కనిపెట్టినా దీనికంటే బాగా కుదరదు. కోలాటమూ అంతే. రజస్వల అయ్యాక వారం ఆగి మళ్లీ ఆడనివ్వండి.

సాగేదెలా, కొలిచేదెలా

ఊడ్పులు, కోతల రోజుల్లో వారానికి రెండుసార్లు కుదరదు. ఒక్కసారైనా బరువులెత్తి, రోజుకు పది గెంతులు వదలకుండా ఉంటే సంపాదించింది చాలావరకు నిలుస్తుంది. పూర్తిగా మానేస్తే వచ్చిన గట్టిదనం మెల్లగా వెనక్కి పోతుంది. పళ్లు తోముకునేటప్పుడు గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడండి, కాలికి అర నిమిషం. తుంటి విరిగేది ఎక్కువగా పడిపోవడం వల్లే గనుక ఈ అర నిమిషం బకెట్లంత విలువైనది.

పాత ఎముక తీసి కొత్తది కట్టి, అది సున్నం పట్టి గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుకని ఏడాది లోపు డెక్సా మళ్లీ తీయించుకోవద్దు. తీయించేటప్పుడు అదే ఊరు, అదే యంత్రం. యంత్రం మారితే రెండు అంకెలను పోల్చడానికి వీల్లేదు. రెండు మూడు శాతం లోపు తేడా కొలతలో తప్పు కూడా కావచ్చు. ముట్టు ఆగిన తొలి ఏళ్లలో అంకె తగ్గకుండా ఉన్నచోటే నిలబడితే మీ బకెట్లు పనిచేస్తున్నట్టే లెక్క.